పదిహేడో పొట్లం

ఆ రోజు గురువారం. అయినా ఆమె వచ్చింది.

స్టేషన్లో అందరికీ ఆమె మంగళవారం మనిషి. లాండ్రీకి సెలవు ఆ రోజే. రెండేళ్ళ మూడు నెలలుగా ప్రతి మంగళవారం పదింటికల్లా వచ్చేది. వరండాలో బెంచీకి కుడిచివర కూర్చునేది. ఎవరో ఒకరు తల ఎత్తేదాకా ఆగి, తన పొట్లం ల్యాబుకి పంపారా అని అడిగేది. లేదని చెప్పించుకుని వెళ్ళిపోయేది. గొంతు పెంచేది కాదు, ఏడ్చేది కాదు. ఆమె పేరు ఫైల్లో ఉంది గానీ ఎవరి నోటా లేదు.

"ఇదేంటి, గురువారం నాడే మంగళవారం వచ్చేసింది" అన్నాడు గేటు దగ్గరి కానిస్టేబులు. ఆమె వెనకే కొత్త ఎస్సై వస్తోందని చూసుకోలేదు. చూశాక టోపీ సర్దుకున్నాడు.

సామాన్ల గది వరండా చివర ఉంది. దానికి ఇనుప జాలీ తలుపు, జాలీలో చెయ్యి పట్టేంత కిటికీ. లోపల టేబులు దగ్గర తాళాలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన హెడ్ కానిస్టేబులు. నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు. కేసుల్లో పట్టుకున్న కత్తులు, సెల్‌ఫోన్లు, ఆస్పత్రి నుంచి ముద్ర వేసుకుని వచ్చే పొట్లాలు అన్నీ ఆయన చేతిమీదుగానే లోపలికి పోవాలి, బయటికి రావాలి. పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలోంచి గుండుసూది పోలేదు. ఇంకో మూడు వారాల్లో రిటైరు.

ముగ్గురు ఆడవాళ్ళు జాలీ దగ్గరికి వచ్చారు. ముందు ఎస్సై. వచ్చి పది రోజులైంది, ఆవిడ బూట్ల చప్పుడు స్టేషనుకి ఇంకా అలవాటు కాలేదు. వెనక లాండ్రీ ఆమె. ఆమెని ఆనుకుని ఇంకో అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో. తనది కాని స్వెట్టరు వేసుకుంది. చేతులు వేళ్ళ దాకా కప్పేసి ఉన్నాయి. ఇద్దరూ ఒకే లాండ్రీలో ఇస్త్రీ బల్లల దగ్గర పనిచేస్తారని, నిన్న సాయంత్రం ఈ అమ్మాయి పని దిగి వెనక సందులోంచి పోతుంటే ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడొకడు లాక్కెళ్ళాడని ఎస్సై రెండు ముక్కల్లో చెప్పింది. పాత ఫైల్లో ఉన్నదీ అదే సందు అంది. ఆ మాటకి లాండ్రీ ఆమె నేల చూపులు చూసింది.

ఆస్పత్రి పని పూర్తయింది. ఎస్సై చేతిలో గోధుమరంగు కాగితం పొట్లం, దారం మీద లక్క ముద్ర. తాళాలాయన కిటికీలోంచి అందుకున్నాడు. ముద్ర వెలుతురుకి పెట్టి చూశాడు, దారం వేలితో లాగి చూశాడు, రిజిస్టరులో నలభై రెండో నంబరు వేశాడు. తర్వాత ఆయన చెయ్యి ఆయన చెప్పకుండానే టేబులు కిందికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. పొట్లాన్ని అందులోకి జార్చి, కొవ్వొత్తి వెలిగించి, కవరు మూతి మంట మీదికి తెచ్చాడు.

"ఏం చేస్తున్నారు?" అంది ఎస్సై.

"కవరేస్తున్నానండీ. తడి తగలకుండా."

"వద్దు వద్దు, తీసెయ్యండి. ప్లాస్టిక్‌లో మూసేస్తే లోపలి తడి లోపలే మగ్గుతుంది. బూజు పట్టిందంటే డీఎన్‌ఏ ఇంకేం మిగలదు. కాగితంలోనే ఉండాలి, గాలాడాలి. ట్రైనింగులో మాకు మొదటిరోజు చెప్పిన ముక్క ఇదే."

ఆవిడ తొందరలో ఉంది. జాలీ లోపలికి చూడలేదు. ఈ పొట్లం ఇవాళే ల్యాబుకి పోవాలంది. పాతవెన్ని ఉన్నాయని అడిగింది. నలభై ఒకటన్నాడు. అన్నీ సోమవారానికి సిద్ధం చేయమంది, ఆయన్నే దగ్గరుండి తీసుకెళ్ళమంది. మనిషి దొరికాక పంపుదాం, ఎవరూ దొరకనిది ఎవరితో పోల్చి చూస్తారు అనేది ఇన్‌స్పెక్టరుగారి పద్ధతి. అదే తాళాలాయన గుర్తుచేశాడు.

"పొట్లంతో పొట్లం పోలుస్తారు. రెండిట్లోనూ ఒక్కడే ఉన్నాడని తేలితే వెతకాల్సింది ఒక్కణ్ణే కదా. ఇప్పటికే ఏదో కేసులో దొరికి ల్యాబు లెక్కలో ఉన్నవాడైతే పేరుతో సహా వస్తుంది."

 లాండ్రీ ఆమె ఆ అమ్మాయి స్వెట్టరు చేతిని రెండు మడతలు పైకి మడిచింది. వేళ్ళు బయటికి వచ్చాయి.

"నాది ఆనాడే పంపుంటే, ఈ పిల్లకి ఇది జరిగేదా మేడమ్?"

 ఎస్సై వాళ్ళని తన గదికి తీసుకెళ్ళింది. తాళాలాయన ముందు కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. వేళ్ళతో నలిపి ఆర్పాడు.

తర్వాత తల తిప్పి బీరువాల వైపు చూశాడు. నలభై ఒక్క పొట్లాలు, నంబర్లవారీగా, వరసలో. ఒక్కొక్కటీ నంబరు చీటీ ఉన్న తళతళలాడే ప్లాస్టిక్ కవర్లో, మూతి కొవ్వొత్తితో అంటించి. కిందటేడు వానలకి గది కప్పు కారినప్పుడు తన సెలవురోజు మానుకుని మరీ ఆ పని చేశాడు. అది చూసి ఇన్‌స్పెక్టరు అంతటివాడు భుజం తట్టాడు.

*

శుక్రవారం పొద్దున్నే గది లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు. పదిహేడో నంబరు కిందికి దించాడు. నంబరు చూడకుండానే అది ఎవరిదో ఆయనకి తెలుసు. వరండాలో ఆమె గొంతు వినిపించిన ప్రతిసారీ ఆయన చూపు ఆ అరమీదికే పోయేది.

కవరు లోపలివైపు సన్నని నీటిచుక్కలు. కాగితం మెత్తబడి, పాత తోలులా ఉంది. మూలల్లో నల్లటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. లక్క ముద్ర ఒక అంచున లేచి ఉంది. కింద కాగితం నాని ఊడింది తప్ప ఎవరూ ముట్టుకోలేదు. కానీ చూసినవాళ్ళకి ఎవరో గోరుతో లేపి చూసినట్టే ఉంటుంది.

ఇంకో ఆరు దించాడు. నాలుగింట్లో చుక్కలున్నాయి. ఏడోది దించబోయి ఆగిపోయాడు.  కుర్చీలో కూర్చుని, గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే ఇటునుంచి అటు జరిపాడు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు పిలిచాడు. సోమవారం పొట్లాలు పోతున్నాయని ఆయనకి తెలిసింది, మొహం చిటపటలాడుతోంది. తాళాలాయన దాచలేదు. ప్లాస్టిక్ సంగతి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. కోప్పడలేదు, తాళాలాయనకి దానికే భయం వేసింది. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అన్నేళ్ళలో అది మొదటిసారి.

కవర్లు చింపి పారేయమన్నాడు. పొట్లాలు పొడిగుడ్డతో తుడిచి, ఒకపూట ఫ్యాను కింద పెట్టి పంపేయమన్నాడు. పాతవి, పాడైపోయాయని ల్యాబువాళ్ళే రాస్తారు, పాతవి పాడవక ఏమవుతాయి, ఎవడడుగుతాడు అన్నాడు. నువ్వు తెలియక చేశావని నాకు తెలుసు, పేపరువాడికి తెలియదుగా అన్నాడు. ఇన్నేళ్ళు ఎందుకు పంపలేదనే మాట కూడా దాని తోకపట్టుకుని వస్తుందని అనలేదు గానీ, అదీ ఆ గదిలోనే ఉంది.

"మూడు వారాలు కళ్ళు మూసుకుంటే మర్యాదగా ఇంటికి పోతావు. లేనిపోనిది నెత్తికెత్తుకోకు" అన్నాడు చివరికి.

తాళాలాయన సరేనండీ అన్నాడు. అది ఆయన నోటికి అలవాటైన మాట.

*

శనివారం కవర్లు చింపాడు. కత్తెరతో మూతి కత్తిరించి, పొట్లం పైకి తీసి, పాత న్యూస్‌పేపర్ల మీద వరసగా పరిచాడు. గది నిండా ముక్కిన వాసన లేచింది. కవర్లన్నీ ఒక గోనెసంచిలో కుక్కుతుంటే జాలీ దగ్గర నీడ పడింది.

లాండ్రీ ఆమె. ఆ అమ్మాయి తరఫున ఏదో కాగితం మీద సంతకానికి పిలిచారట. ఎస్సై ఇంకా రాలేదు, అందుకని ఇటు నడిచింది. నిలబడి ఒకసారి గాలి పీల్చింది.

"తడిబట్ట వాసన" అంది.

ఆయన చేతిలో కవరు ఉంది. ఆమె కవరు చూసింది, నేలమీద పొట్లాలు చూసింది. ఇరవై రకాల మరకలు వాసనతో గుర్తుపట్టే పని ఆమెది. గురువారం ఎస్సై అన్న మాట ఇదే జాలీ దగ్గర నిలబడి విన్నది కూడా. ఇంక విడమరిచి చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. అయినా ఆయన చెప్పాడు. కప్పు కారడం, కవర్లు, కొవ్వొత్తి, ఏడాదిన్నర. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేదు.

ఆమె జాలీ పట్టుకుంది. వేలి కణుపుల మీద ఇస్త్రీపెట్టె వాతలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా.

"మా దగ్గర తడిబట్ట మూటగడితే ఆ రోజు కూలి ఇవ్వరు సార్. మూడోరోజుకే చుక్కలు పడతాయి. ఇక దాన్ని ఎవ్వడూ తెల్లగా చెయ్యలేడు." పొట్లాలు ఇంకోసారి చూసింది. "తెలిసి చేశారా?"

"తెలియకమ్మా. తడి తగలకూడదని."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

ఆయన గోనెసంచి వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"ఆ రోజు ఇక్కడే కూర్చోబెట్టి నన్ను మూడుసార్లు రాయించారు. ఏ సందు, ఎంత టైము, ఏం వేసుకున్నావు, ముందు ఏ చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క ముక్క వదలకుండా చెప్పాలన్నారు. చెప్పలేకపోతే మంచినీళ్ళిచ్చి మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను." ఆమె గొంతు పెరగలేదు. "మీరూ రాయండి."

 ఆమె వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"ఆస్పత్రిలో నర్సొకామె ఉండేది. దూదిపుల్లలు ఆరాలని నన్ను గంటసేపు కూర్చోబెట్టింది. వాటిని కిటికీ దగ్గర నిలబెట్టి, అక్కణ్ణుంచి కదలకుండా కాపలా కాసింది. ఇంటికి పోనివ్వదేంటి ఈ మనిషి అని తిట్టుకున్నాను. అవెక్కడున్నాయో మరి."

పొట్లం లోపల ఏముందో తాళాలాయనకి తెలియదు. ముద్ర వేసినదాన్ని విప్పే హక్కు ఆయనకి లేదు. అదే అన్నాడు. ఆమె తలాడించి, బెంచీ దగ్గరికి పోయి కుడిచివర కూర్చుంది.

సాయంత్రం గోనెసంచి చెత్తబండికి పోలేదు. మూతి కట్టి, చీటీ అంటించి, చీటీ మీద తారీఖు వేసి గదిలోనే ఒక మూల పెట్టాడు.

*

ఆదివారం ఇంట్లో టేబులు ముందు కూర్చున్నాడు. ఆయన చేతిరాత గుండ్రంగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి రెండు కాగితాలు నలిపి పడేశాడు. రెండు రోజులుగా మనిషి ఏదో మింగి కక్కలేకుండా ఉన్నాడని భార్యకి తెలుసు. అడిగితే చెప్పడని కూడా తెలుసు. టీ గ్లాసు పెట్టడానికి వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది.

"పెళ్ళయిన కొత్తలో ఊరికి పోతే కూడా నాకింత పొడుగు ఉత్తరం రాయలేదు మీరు."

ఆయన నవ్వలేదు. కాగితం ఆమె వైపు జరిపాడు. ఆమె కళ్ళజోడు తెచ్చుకుని నిలబడే చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫలానా తారీఖున వానకి కప్పు కారినది, పొట్లములను భద్రపరచు ఉద్దేశముతో ప్లాస్టిక్ కవర్లలో ఉంచుట జరిగినది, అందువలన కొన్ని దెబ్బతినుట జరిగినది. ఆఫీసు భాష.

"జరిగింది, జరిగింది అని రాశారు. ఎవరు చేశారో ఎక్కడా లేదే?"

"కింద సంతకం ఉంటుందిగా."

"సంతకం అన్నిటికిందా పెడతారు మీరు." కాగితం తిరిగి ఆయన ముందు పెట్టింది. కాసేపు టేబులు అంచు మీద ధూళి వేలితో తుడిచింది. తర్వాత, ఆ పిల్లలకి తల్లులుంటారు కదా అని మాత్రం అంది. రిటైరుమెంటు మాట ఎత్తలేదు.

నాలుగో కాగితం తీశాడు. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాశాడు. నేను చేశాను. నాకు తెలియదు. నన్ను ఎవరూ చేయమనలేదు. ముద్రలు నేను విప్పలేదు. ఏ నంబరు పొట్లం ఎలా ఉందో కింద రాస్తున్నాను. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా, శనివారం గుర్తు రాసుకున్న చీటీ చూస్తూ, చుక్కలు ఎక్కడున్నాయో, ఏ ముద్ర ఏ అంచున లేచిందో, పద్దెనిమిదేళ్ళ అలవాటుతో వరసగా రాసుకుంటూ పోయాడు. వెలుతురు తగ్గితే భార్య లైటు వేసింది.

*

సోమవారం పొద్దున ఎస్సై ఆ కాగితం నిలబడి చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

"ఇది ఇన్‌స్పెక్టరుగారికి ఇవ్వకుండా నాకిచ్చారు."

"ల్యాబుకి ఉత్తరం మీ సంతకంతో పోతుంది గదండీ."

"మెమో వస్తుంది. తెలుసా?"

తెలుసన్నాడు.  ఆవిడ దాన్ని తన ఉత్తరం అడుగున కాదు, పైన పెట్టి పిన్ను కొట్టింది.

నాలుగు అట్టపెట్టెలు, ఒక గోనెసంచి జీపులో పెట్టుకుని వెళ్ళాడు. ల్యాబు కౌంటరు దగ్గర బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది, బయట లేదు. ఎవరూ పిలవలేదు. కౌంటరు వెనక మనిషి తల ఎత్తినప్పుడల్లా లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

చివరికి ఒకావిడ వచ్చింది. చేతులకి తొడుగులు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ఒక్కొక్క పొట్లం మీది ముద్రనీ, ఉత్తరంతో వచ్చిన మాదిరి ముద్రనీ పక్కపక్కన పెట్టి చూస్తోంది. పదహారు అయ్యాయి. పదిహేడోది తిప్పి అంచు దగ్గర ఆగింది.

"ఇది ఎవరో లేపారు. మేం తీసుకోం. పక్కన పెట్టండి, వెనక్కి పట్టుకెళ్దురు గాని."

తాళాలాయన చెయ్యి చూపించాడు. "పైనున్న కాగితం ఒక్కసారి చదవండమ్మా."

ఆవిడ ఉత్తరాలు చదివే మనిషి కాదు, ముద్రలు చూసే మనిషి. విసుగ్గానే పైకి తీసింది. నాలుగు పంక్తులయ్యాక కళ్ళజోడు పైకి తోసుకుంది. పదిహేడో నంబరు దగ్గర ఆయన రాసింది వేలు పెట్టి చదివి, పొట్లం అంచు చూసి, మళ్ళీ చదివింది. గోనెసంచి ఏదని అడిగింది. పదిహేడు నంబరు చీటీ ఉన్న కవరు తీసి లోపలి తేమ గుర్తులు చూసింది. లోపలికి వెళ్ళి పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ముద్ర చెదిరిన పొట్లం తీసుకోవాలంటే తెచ్చిన మనిషి ఎదురుగానే తెరవాలట, ఫొటోలు తీయాలట. ఆయన్ని లోపలికి రమ్మన్నారు.

తెల్లకాగితం పరిచి, దాని మీద విప్పారు. ముందు బట్టలు వచ్చాయి. మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి, విప్పుతుంటే పొరలుగా ఊడాయి. నల్లటి బూజు. ఆవిడ తల అడ్డంగా ఊపి పక్కన పెట్టింది. తాళాలాయన గోడ చూశాడు. ఆమె నడిచి వచ్చిన మంగళవారాలు ఎన్నో ఆయన ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు లెక్కపెట్టబోయి మానుకున్నాడు.

"ఇదేంటి" అంది ఆవిడ.

అడుగున చిన్న అట్టపెట్టె, అగ్గిపెట్టెకి రెండింతలు. మూత తీసింది. లోపల రెండు దూదిపుల్లలు. తెల్లగా, గలగలమనేంత పొడిగా ఉన్నాయి.

"ఎవరో గానీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆరబెట్టారు. ఆరనిచ్చి పెట్టబట్టి బతికాయి" అంది. ఫొటో తీసి నంబరు వేసింది. "ఎంత దొరుకుతుందో చూడాలి. కానీ ఇది తీసుకుంటున్నాం."

ఆయన మిగతావాటి సంగతి అడిగాడు. అన్నిట్లోనూ ఇలాంటి పెట్టె ఉండదంది. కొన్నిట్లో బట్టలొక్కటే ఉంటాయి, కొన్నిట్లో పుల్లలు తడిగానే పెట్టేసి ఉంటారు, ఎన్ని దక్కుతాయో చెప్పలేనంది. ఆ మాట మెత్తగా చెప్పే ప్రయత్నం ఏమీ చేయలేదు.

రశీదు రాస్తూ, తల ఎత్తకుండానే అంది. "ఈ కాగితం లేకపోతే ముద్ర లేచినవి తొమ్మిదీ మీ జీపులోనే వెనక్కి పోయేవి. రేపు కోర్టులో ముద్ర సంగతి అడిగినా ఇదే చూపించాలి. మీరు రావాల్సొస్తుంది."

"వస్తానమ్మా" అన్నాడు.

*

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి మెమో ఇచ్చారు. విచారణ అయ్యేదాకా సామాన్ల గది ఇంకొకరికి అప్పగించాలి. గుత్తి నడుము నుంచి తీసి టేబులు మీద పెట్టాడు. కొత్తాయన ఏ తాళం దేనిదని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. టేబులు కింద మిగిలిన ప్లాస్టిక్ కవర్ల కట్ట తీసి తనే బయట పారేశాడు. ఇన్‌స్పెక్టరుగారు పిలుస్తారు, వరండాలో ఆగమన్నారు.

గుత్తి లేని నడుము తేలిగ్గా ఉంది, నడుస్తుంటే చప్పుడు లేదు. వెళ్ళి బెంచీ మీద, దగ్గరగా ఉన్న ఎడమచివర కూర్చున్నాడు. అదే వరండా, అదే గోడ. గేటు దగ్గరి కానిస్టేబులు ఆయన్ని చూడనట్టు రోడ్డుకేసి చూస్తున్నాడు. జాలీ లోపలినుంచి ఎప్పుడూ ఆయనకి గోడగడియారం కనిపించేది కాదు. ఇక్కణ్ణుంచి అదొక్కటే కనిపిస్తోంది.

పదింటికి ఆమె వచ్చింది. జాలీ వెనక కొత్త మనిషిని చూసి ఆగింది. తర్వాత బెంచీ మీద ఈయన్ని చూసింది.

ఆయన జేబులోంచి మడిచిన చీటీ తీసి ఇచ్చాడు. ల్యాబు రశీదు నంబరు, గుండ్రటి అక్షరాల్లో. బట్టలు పోయాయని చెప్పాడు. నర్సు ఆరబెట్టిన పుల్లలు బాగున్నాయని, తీసుకున్నారని చెప్పాడు. ఆ అమ్మాయిది, ఈమెది పక్కపక్కన పెట్టి చూస్తారట, నెల పట్టొచ్చట. వాడు దొరుకుతాడని చెప్పలేదు. అది ఆయనకి తెలియదు.

ఆమె చీటీ చదివింది. పెదవులు కదుపుతూ నంబరు రెండుసార్లు చదివింది. అంచుకి అంచు కలిపి, గోటితో మడత నొక్కి, ఇస్త్రీ చేసినంత సాపుగా మడిచి సంచిలో పెట్టుకుంది. ఇవాళ అడగాల్సిన మాట అయిపోయింది. అయినా నిలబడే ఉంది.

"మీరేంటి ఇక్కడ?"

"పిలుస్తామన్నారు."

"ఎప్పుడు?"

"చెప్పలేదమ్మా."

ఆమె లోపలి గదుల వైపు ఒకసారి చూసింది. మూసిన తలుపులు, తల ఎత్తని మనుషులు. తర్వాత వెళ్ళి ఎప్పటిలాగే కుడిచివర కూర్చుంది. సంచి ఒళ్ళోకి తీసుకుని, తన పక్కన చోటు చేసింది.

"ఇటు జరగండి బాబాయ్. ఆ చివర బెంచీ కాలు ఊడొస్తుంది. ఎక్కువసేపు కూర్చోలేరు."

ఆయన లేచి, ఇటు జరిగి కూర్చున్నాడు.